ఎంత–అంత చక్రం: లాటిన్ కొలత మాటలతో నా ప్రాజెక్టు డైరీ

1వ రోజు

బి.ఫార్మసీ చదివి మందుల తయారీ వైపు పని చేస్తున్నా కాబట్టి లాటిన్ ముక్కలు రోజూ కళ్ళ ముందే ఉంటాయి. డాక్టర్ చీటీ మీద బి.డి. అని ఉంటే బిస్ ఇన్ దియే, రోజుకి రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే తెర్ దియే సూమెందుమ్, రోజుకి మూడుసార్లు వేసుకోవాలి అని. వీటన్నిట్లోకీ నాకు బాగా నచ్చింది క్యూ.ఎస్. సిరప్ ఫార్ములాలో చివర "నీళ్ళు క్యూ.ఎస్. 100 ఎం.ఎల్." అని రాస్తారు, పూర్తి మాట క్వంతుమ్ సతిస్, ఎంత చాలో అంత, అంటే మిగతావన్నీ వేశాక 100 ఎం.ఎల్. గీత దాకా రావడానికి సరిపోయినన్ని నీళ్ళు పొయ్యమని. మన వంటల పుస్తకాల్లో "ఉప్పు – తగినంత" అని ఉంటుందే, అచ్చం అదే.

ఆరు నెలలుగా ఇంగ్లీషు పాఠ్యపుస్తకం పెట్టుకుని లాటిన్ నేర్చుకుంటున్నా, పరిమాణం, పోలిక చెప్పే మాటల దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోయింది, క్వంతుస్, తంతుస్, క్వొత్, తొత్, క్వమ్, తమ్ అన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. ఇంగ్లీషులో ఒక్కోదానికి మూడు నాలుగు రకాల అర్థాలు ఇచ్చారు, ఏది ఎప్పుడు అనేది బట్టీ పట్టడమే. నిన్న రాత్రి "తగినంత" గురించి ఆలోచిస్తూ పడుకుంటే తట్టింది, అసలు మధ్యలో ఇంగ్లీషు ఎందుకు? క్వ తో మొదలయ్యేవన్నీ మన ఎ, త తో మొదలయ్యేవన్నీ మన అ. క్వంతుస్ ఎంత, తంతుస్ అంత. క్వొత్ ఎన్ని, తొత్ అన్ని. క్వాలిస్ ఎలాంటి, తాలిస్ అలాంటి. క్వొతియేన్స్ ఎన్నిసార్లు, తొతియేన్స్ అన్నిసార్లు. లేచి లైటేసి రాసి పెట్టుకున్నా.

ప్లాన్ ఏంటంటే అట్టతో తిరిగే చక్రం ఒకటి, దానికి తోడు కార్డుల పెట్టె ఒకటి, రెండూ లాటిన్–తెలుగులోనే, ఇంగ్లీషు ఎక్కడా లేకుండా.

2వ రోజు

పాత క్యాలెండర్ అట్టలు రెండు దొరికాయి. బయటి చక్రం 12 సెం.మీ. వ్యాసార్ధం, లోపలిది 8. మొదటి ఐడియా ఏంటంటే లోపలి చక్రం మీద క్వ, త అని రెండే ముక్కలు రాసి బయట మిగతా తోకలు రాస్తే, తిప్పినకొద్దీ మాట దానంతటదే తయారవుతుందని. ఎ, అ తిప్పితే న్ని, ంత, లాంటి తగులుకుంటాయి కదా, అలాగ.

గంటన్నర కష్టపడ్డాక అది కుదరదని తేలింది, కారణం మన గుణింతం. క్వొత్‌లో ఒత్వం క్వ మీదే కూర్చుంటుంది, క్వాలిస్‌లో దీర్ఘం కూడా అంతే, అచ్చుని పక్క చక్రం మీదకి విడదీసి పెట్టడం మన లిపిలో అవ్వదు. ఒక అట్ట పోయింది. ఇంక పూర్తి మాటలే రాయాలి అని డిసైడ్ అయ్యా, బయట ఆరు క్వ మాటలు, లోపల ఆరు త మాటలు, ఒక్కో గడి 60 డిగ్రీలు.

లిపి గురించి ఇంకో నిర్ణయం. మొదట అలవాటు ప్రకారం క్వాంటుస్, టాంటుస్ అని ట తో రాశా, తర్వాత మార్చేశా. లాటిన్ త పళ్ళకి నాలుక ఆనించి పలికేది, ఇటాలియన్‌లో ఇప్పటికీ అలాగే ఉంది, ఇంగ్లీషు ట మన చెవికి అలవాటైపోయి అలా రాసేస్తాం అంతే. ఇంకో మేలు కూడా ఉంది, లాటిన్‌లో హ్రస్వం దీర్ఘం తేడా చాలా ముఖ్యం, మామూలుగా అచ్చు వేసే లాటిన్‌లో అది కనపడదు, అక్షరాల నెత్తిన గీతలు పెట్టుకోవాలి. మనకి ఎ ఏ, ఒ ఓ వేరువేరుగా ఉన్నాయి కాబట్టి గీతలేవీ లేకుండానే రాసెయ్యొచ్చు. మలుస్ అంటే చెడ్డ, మాలుస్ అంటే ఆపిల్ చెట్టు. రోమన్ అక్షరాల్లో రెండూ ఒకేలా ఉంటాయి, తెలుగులో చూడగానే తెలిసిపోతుంది.

4వ రోజు

చక్రం తయారైంది, మధ్యలో చొక్కా గుండీ పెట్టి దారంతో కట్టా, పిన్ను కంటే ఇదే సులువుగా తిరుగుతోంది. జిగురు ఎక్కువై అట్ట ఒకవైపు వంకర పోయింది, రాత్రంతా నిఘంటువు కింద పెట్టాక సర్దుకుంది.

మొదటి పరీక్షకి తెరెన్స్ మాట తీసుకున్నా, క్రీ.పూ. 161లో ఆడిన ఆయన నాటకంలోది. క్వొత్ హొమినేస్, తొత్ సెంతెంతియై. ఎంతమంది మనుషులో అన్ని అభిప్రాయాలు. పుర్రెకో బుద్ధి అని మనం అనేది ఇదే. చక్రం మీద క్వొత్ ఎదురుగా తొత్ తెచ్చి పెట్టి చదివితే వాక్యం తెలుగు వాక్యంలా నడిచింది, ఆరు నెలల్లో మొదటిసారి ఒక లాటిన్ వాక్యం నాకు అనువాదం లేకుండా అర్థమైంది. చాలాసేపు అలా తిప్పుతూనే కూర్చున్నా.

ఒక తేడా నోట్ చేసుకున్నా. మనకి మనుషులైతే ఎంతమంది, వస్తువులైతే ఎన్ని. లాటిన్‌కి ఆ పట్టింపు లేదు, మనుషులకైనా రాళ్ళకైనా క్వొత్తే. పైగా క్వొత్, తొత్ విభక్తులకి మారవు, ఎక్కడ పెట్టినా అలాగే ఉంటాయి. క్వంతుస్ మాత్రం పూర్తిగా మారుతుంది, లింగం, వచనం, విభక్తి అన్నిటికీ.

సంస్కృతం వచ్చినవాళ్ళకి ఇది ఇంకా దగ్గరగా ఉంటుంది, ఎన్ని అనడానికి అక్కడ కతి, అన్ని అనడానికి తతి, క్వొత్ తొత్‌లకి అవి స్వయానా తోబుట్టువులు. మన పుస్తకాల్లో కతిపయ అని కనపడే మాటలో ఉన్నది ఆ కతియే.

5వ రోజు

ఈరోజు తప్పు దొరికింది, మంచి తప్పు. కార్డు మీద తొత్ = అన్ని అని రాసి వదిలేశా. మధ్యాహ్నం చదువుతుంటే తొత్ లిబ్రీ అని వచ్చింది, నేను "పుస్తకాలన్నీ" అని చదివేసి ముందుకెళ్ళిపోయా, రెండు వాక్యాల తర్వాత అర్థం అతకలేదు. అక్కడున్నది "అన్నేసి పుస్తకాలు, అంత ఎక్కువ పుస్తకాలు" అని. తెలుగులో అన్ని అనేది రెండు పనులు చేస్తుంది, ఎన్నికి జవాబుగా అన్ని ఒకటి, మొత్తం అనే అన్ని ఇంకోటి. అంత, అంతా కూడా అలాంటి జంటే. లాటిన్‌లో మొత్తం అంటే ఒమ్నేస్, తొత్ ఎప్పుడూ ఆ పని చెయ్యదు. దీనికి తోడు తోతుస్ అని ఇంకోటుంది, అది యావత్తు, నిండుగా మొత్తం అని. తొత్ హ్రస్వం, తోతుస్ దీర్ఘం. తెలుగులో రాశాను కాబట్టి కార్డు మీద కనీసం కళ్ళకి తేడా తెలుస్తోంది.

తెలుగు దారి చూపిస్తుందని మొదలుపెట్టా, తెలుగే పక్కదారి కూడా పట్టించగలదు అని ఇక్కడ తెలిసింది. అందుకే ఎర్ర స్కెచ్‌తో మూలకి రంగేసిన కార్డులు వేరేగా పెడుతున్నా, తెలుగు అలవాటు వల్ల తప్పు పోయే చోట్లు అవి.

దానికి ఎదురుగా ఒక సంతోషం. తంతుమ్ అంటే అంత, కానీ చాలాచోట్ల అది "మాత్రమే" అని వాడతారు. ఇంగ్లీషు పుస్తకంలో ఇది రెండు వేరే అర్థాలుగా 1, 2 అని నంబర్లేసి ఉంటుంది, అంత అనేది మాత్రమే ఎలా అయిందో చెప్పరు. మనకి చెప్పక్కర్లేదు కదా. "ఇంకేం తెచ్చావ్?" "ఇంతే." "ఇంకేం అన్నాడు?" "అంతే." అంత దగ్గర ఆగిపోయింది, దాటలేదు, కాబట్టి అంతే.

8వ రోజు

పోలిక కార్డులు మొదలుపెట్టా. మగ్నుస్, మయ్యొర్, మక్సిముస్: పెద్ద, ఇంకా పెద్ద, అన్నిటికంటే పెద్ద. పర్వుస్ (చిన్న), మినొర్, మినిముస్. బొనుస్ (మంచి), మెలియొర్, ఒప్తిముస్. మలుస్, పెయ్యొర్, పెస్సిముస్. ముల్తుస్ (ఎక్కువ), ప్లూస్, ప్లూరిముస్. ఎక్కువగా వాడే ఈ మాటలే దారి తప్పినవి, మిగతావి చాలావరకు బుద్ధిగా ‑యొర్, ‑ఇస్సిముస్ పెట్టుకుంటాయి.

నేనే 20 వాక్యాలు తెలుగులో రాసుకుని లాటిన్‌లోకి మార్చి చూసుకున్నా. 7 తప్పు, ఏడూ ఒకే తప్పు. "గుట్ట కంటే కొండ ఎత్తు" అని మనం అంటాం, ఎత్తు అనే మాట మారదు, పోలికంతా కంటే మోసేస్తుంది. లాటిన్‌లో మాట కూడా మారాలి, అల్తుస్ కాదు, అల్తియొర్. నేను క్వమ్ (కంటే) పెట్టేసి పని అయిపోయిందనుకుని అల్తుస్ అలాగే వదిలేస్తున్నా. ఎర్ర మూల కార్డు ఇంకోటి.

9వ రోజు

ఈ రోజు ఎంట్రీ కోసమే ఈ డైరీ అనిపిస్తోంది.

లాటిన్‌లో కంటే అనడానికి రెండు దారులున్నాయి. ఒకటి క్వమ్ పెట్టడం: మోన్స్ అల్తియొర్ క్వమ్ కొల్లిస్. రెండోది క్వమ్ లేకుండా పోల్చే వస్తువుని అబ్లేటివ్‌లో పెట్టడం: మోన్స్ కొల్లె అల్తియొర్. అబ్లేటివ్ అంటే "నుంచి, వలన" చెప్పే విభక్తి, మరి అది పోలికలో ఏం చేస్తోందని పొద్దున్నుంచీ తల పట్టుకుని కూర్చున్నా, పైకే చదువుతున్నట్టున్నా, "కొల్లె, గుట్టకంటేనా, గుట్టనుంచా, వలనా" అని.

అమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది, అక్కడ్నించే "వలనన్ కంటెన్ పట్టి పంచమీ విభక్తి, ఏంట్రా ఇప్పుడు చదువుతున్నావ్ అది?" అంది.

ఒక్క క్షణం ఏం మాట్లాడలేదు నేను. డు ము వు లు ప్రథమా దగ్గర్నించి స్కూల్లో బల్లలు వాయించుకుంటూ చదివిందే, అందులో వలనన్ పక్కనే కంటెన్ ఉంది, రెండూ ఒకే విభక్తి కింద ఎందుకున్నాయని నేను ఎప్పుడూ అడగలేదు. సంస్కృతంలో పంచమి "నుంచి" కూడా, "కంటే" కూడా, అందుకే మన వ్యాకరణంలో కూడా అలా సర్దారు. లాటిన్ అబ్లేటివ్ ఆ పంచమికి చుట్టమే. గుట్ట దగ్గర మొదలుపెట్టి చూస్తే, గుట్ట నుంచి లెక్కేస్తే, కొండ ఎత్తు. కంటే అనేది అలా పుట్టింది.

అమ్మకి చెప్తే తను ఇంకోటి గుర్తుచేసింది, జననీ జన్మభూమిశ్చ స్వర్గాదపి గరీయసీ. స్వర్గాత్, పంచమి, స్వర్గం కంటే. గరీయసీ, గురు అనే మాటకి "ఇంకా ఎక్కువ" రూపం. గురుకి లాటిన్‌లో చుట్టం గ్రవిస్, బరువైన అని, దాని "ఇంకా ఎక్కువ" రూపం గ్రవియొర్. గరీయస్‌లో ఉన్న ఈయస్, గ్రవియొర్‌లో ఉన్న యొర్ ఒకే చోటునుంచి వచ్చినవి. అలాగే ప్రియతమలో ఉన్న తమ, ఒప్తిముస్‌లో ఉన్న తిముస్. చిన్నప్పట్నించీ గోడల మీద, పుస్తకాల అట్టల మీద చూస్తున్న ఒక్క లైనులో పోలిక పాఠం మొత్తం ఉంది, పంచమితో సహా. ఇంగ్లీషు పుస్తకంలో దీనికి ఒకటిన్నర పేజీ రూల్స్ ఉన్నాయి, నేను ఆ పేజీని నాలుగుసార్లు చదివాను.

కార్డు మీద పైన మెల్లె దుల్కియొర్ అని రాసి కింద "తేనె కంటే తియ్యన, పంచమి" అని రాశా. వెనకవైపు స్వర్గాదపి గరీయసీ. పెట్టెలో మొదటి కార్డు ఇప్పుడు అదే.

11వ రోజు

చిన్నమాటల కార్డులు 14. సతిస్ చాలు, పరుమ్ చాలదు, నిమిస్ మరీ ఎక్కువ. వీటి పక్కన వచ్చే పేరు షష్ఠిలో ఉంటుంది, సతిస్ అక్వై, నీళ్ళయొక్క చాలినంత అన్నట్టు. చరిత్రకారుడు సల్లుస్త్ కతిలీన అనే కుట్రదారుడి గురించి రాసిన ముక్క ఒకటి కార్డు మీద పెట్టా, సతిస్ ఏలొక్వెంతియై, సపియెంతియై పరుమ్: మాటకారితనం కావలసినంత, వివేకం మాత్రం చాలదు. ప్లూస్ కూడా ఏకవచనంలో ఇలాగే, ప్లూస్ పెకూనియై అంటే ఎక్కువ డబ్బు, మాటకి మాట పెట్టి చూస్తే డబ్బుయొక్క ఎక్కువ అన్నట్టుంటుంది.

క్వమ్‌కి ఒక్క కార్డు సరిపోలేదు, నాలుగు పనులు దానికి. తమ్‌తో వస్తే ఎంత, ‑యొర్ తర్వాత వస్తే కంటే, ‑ఇస్సిముస్ లాంటి వాటి ముందొస్తే వీలైనంత (క్వమ్ కెలెర్రిమే, వీలైనంత త్వరగా), ఆశ్చర్యపోతే ఎంత బాగుందో అనేటప్పటి ఎంత. కార్డుని మడిచి నాలుగు ముఖాలు చేశా, నిలబెడితే చిన్న గుడారంలా ఉంది.

13వ రోజు

అంకెలు. వీటి గురించి రెండు కార్డులు వేసి వదిలేద్దాం అనుకున్నా, మొత్తం రోజు పట్టింది.

లాటిన్‌లో 18 అంటే దువొదేవీగింతీ, ఇరవైకి రెండు తక్కువ. 19 ఊందేవీగింతీ, ఇరవైకి ఒకటి తక్కువ. మనం పావు తక్కువ ఎనిమిది అని టైం చెప్పే పద్ధతే. 19కి సంస్కృతంలో ఊనవింశతి అని కూడా ఉంది, వినడానికి ఊందేవీగింతీలాగే ఉంటుంది, కానీ ఇక్కడ జాగ్రత్త, సంస్కృతం ఊన అంటే తక్కువ, లాటిన్ ఊన్ అంటే ఒకటి, చెవికి చుట్టాలు అంతే, రక్తసంబంధం లేదు. లెక్క కట్టిన తీరు మాత్రం ఒక్కటే.

ముప్పావుకి వాళ్ళ మాట దోద్రాన్స్, పావు తీసేసినది అని. పావు క్వద్రాన్స్. వాళ్ళ నాణెం సేస్తెర్తియుస్ మొదట్లో అస్ అనే చిన్న నాణేలు రెండున్నరకి సమానం, పేరేమో సేమిస్ తెర్తియుస్, మూడోది సగం అని, అంటే రెండు నిండుగా అయ్యాయి, మూడోది సగంలో ఉంది.

అన్నిటికంటే నచ్చింది సింగులీ, బీనీ, తెర్నీ వరస. ఇంగ్లీషులో దీనికి ఒక మాట లేదు, చుట్టూ తిప్పి చెప్తారు. మనకి ఒక్కొక్కటి, రెండేసి, మూడేసి. రాసేశా, కార్డు అయిపోయింది, అర నిమిషం కూడా పట్టలేదు. ఇంకా ఏంటంటే లాటిన్‌లో గుణకారం ఈ మాటలతోనే చెప్తారు, బిస్ బీన, రెండుసార్లు రెండేసి. రెండు రెళ్ళు నాలుగు అనేటప్పుడు మనం కూడా మామూలు రెండు కాకుండా రెళ్ళు అని వేరే రూపం వాడతాం కదా, ఎక్కాల్లో తప్ప అది పెద్దగా వినపడదు.

ఒక చిక్కు ఉంది. లిత్తెర అంటే అక్షరం, బహువచనం లిత్తెరై అంటే అక్షరాలు, ఉత్తరం కూడా. దుఐ లిత్తెరై అంటే రెండు అక్షరాలు, బీనై లిత్తెరై అంటే రెండు ఉత్తరాలు. కస్త్ర, సైన్యం విడిది, అదీ అంతే, రెండు విడుదులు అనాలంటే బీన కస్త్ర. బహువచనంలోనే ఉండే మాటల్ని లెక్కపెట్టాలంటే ఏసి మాటలు వాడాలన్నమాట. ఎర్ర మూల.

వెయ్యి దగ్గర తమాషా. మీల్లె పస్సూస్, వెయ్యి అంగలు. రెండు వేలు అనేసరికి దువొ మీలియ పస్సువుమ్, అంగలు షష్ఠిలోకి వెళ్ళిపోతాయి. మనకి వెయ్యి అడుగులు, రెండు వేల అడుగులు, ఇక్కడ మారింది వేలు, అది వేల అయింది, అడుగులు కదల్లేదు. వెయ్యి దాటగానే ఏదో ఒకటి మారాలని రెండు భాషలకీ అనిపించింది, ఏది మారాలనే దగ్గర విడిపోయాయి.

సాయంత్రం మేడ మీదకెళ్ళి టేపు పెట్టి కొలిచా. రోమన్ అడుగు సుమారు 29.6 సెం.మీ., ఐదు అడుగులు ఒక పస్సుస్, అంటే 1.48 మీటర్లు, ఎడమ కాలు వేసిన చోట్నించి మళ్ళీ ఎడమ కాలు పడే దాకా. మా మేడ పొడుగు 7 పస్సుస్ మీద కొంచెం. చాక్‌పీస్‌తో ఏడు గీతలు గీసి నడిచి చూశా, నా అంగ కొంచెం పొట్టి. సీజర్ తన యుద్ధాల పుస్తకం మొదట్లోనే హెల్వేతీ అనే తెగవాళ్ళ దేశం 240 మైళ్ళ పొడవు, 180 మైళ్ళ వెడల్పు అంటాడు, మైలంటే ఈ వెయ్యి పస్సుస్‌లే. ఇన్నాళ్ళూ అవి పేజీ మీద అంకెలు. మేడ మీద ఆ చివరినుంచి ఈ చివరికి నూట నలభైసార్లకి పైగా తిరిగితే ఒక మైలు, అలాంటివి 240.

16వ రోజు

క్వంతో, తంతో గడి పరీక్ష. కవి కతుల్లుస్ వకీలు సిసెరోకి రాసిన చిన్న పద్యం చివర ఉంది, తంతో పెస్సిముస్ ఒమ్నియుమ్ పొఏత, క్వంతో తూ ఒప్తిముస్ ఒమ్నియుమ్ పత్రోనుస్. నువ్వు వకీళ్ళందరిలోకీ ఎంత గొప్పవాడివో, నేను కవులందరిలోకీ అంత చెత్తవాణ్ణి. చూడండి, నేను తెలుగు చేసేటప్పుడు తిరగేయాల్సొచ్చింది. లాటిన్‌లో అంత ముందొచ్చింది, ఎంత తర్వాత. మనకి ఎంత ముందు రాకపోతే వాక్యం నిలబడదు. లాటిన్ వాళ్ళు రెండు వైపుల్నించీ రాగలరు, కాబట్టి చక్రం మీద బాణం గుర్తు చెరిపేసి రెండు వైపులా మొన ఉన్న బాణం గీశా.

"ఎంత తొందరగా వస్తే అంత మంచిది" లాంటివి క్వో కెలెరియుస్, ఎఓ మెలియుస్. ఈ ఎఓ అనేది త తో మొదలవదు, నా చక్రం రూలుకి లొంగదు. బలవంతంగా ఇరికించలేదు, చక్రం వెనకవైపు నీలం రంగులో ఒక్కటే జంటగా రాశా.

19వ రోజు

ఎంత చెట్టుకు అంత గాలి. ఇది లాటిన్‌లో పెట్టాలని మొదటి రోజునుంచీ అనుకుంటున్నా. క్వంతుస్ అర్బొర్, తంతుస్ వెంతుస్ అని చక్రం చూపించింది, తప్పు. అర్బొర్ స్త్రీలింగం, లాటిన్‌లో చెట్లు ఎక్కువ స్త్రీలింగమే, కాబట్టి క్వంత అర్బొర్. గాలి, వెంతుస్, పుంలింగం, కాబట్టి తంతుస్ వెంతుస్. ఎంత ఒక లింగంలో, అంత ఇంకో లింగంలో, ఎవరి పక్కనున్న పేరుతో వాళ్ళు. మన ఎంత, అంత ఎవరి పక్కనున్నా మారవు కాబట్టి ఇది నాకు చక్రం గీసేటప్పుడు తట్టనే లేదు.

అందుకని క్వంతుస్ గడిలో, తంతుస్ గడిలో చివరి అక్షరం కత్తిరించి కిటికీలు చేశా, వెనక చిన్న అట్టముక్క జారేలా పెట్టి దాని మీద తుస్, త, తుమ్ అని రాశా. రెండు కిటికీలకి రెండు వేరే ముక్కలు, ఒకటి జరిపితే రెండోది జరక్కూడదు. గుణింతం గొడవ ఇక్కడ లేదు, సున్న దగ్గర మాట చక్కగా తెగింది, క్వం ఒకవైపు, తుస్ ఒకవైపు. ఇదొక్కటి మన లిపిలో బాగా కుదిరింది.

పెట్టెలో ఇప్పటికి 84 కార్డులు, ఎర్ర మూలవి 11. మిగిలింది ఐక్వే అక్ కార్డు. అక్ అంటే మామూలుగా "మరియు", ఐక్వే (సమానంగా) తర్వాత వస్తే "తో సమానంగా". మన "తో" కూడా ఇలాగే, అన్నతో వెళ్ళాడు, అన్నతో సమానం. కార్డు రాసేశాగానీ పెట్టెలో పెట్టలేదు, ఇంకో నాలుగు వాక్యాల్లో చూసి అప్పుడు పెడతా.

సాయంత్రం అమ్మకి చక్రం ఇచ్చా. కిటికీలో తుస్ జరిపి త పెట్టి, పైకి కూడబలుక్కుని "క్వంత అర్బొర్" అని చదివి, "చెట్టు ఎంతైతే... ఇప్పుడు గాలేది, ఇటు తిప్పాలా?" అంది.